ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్ ఎంచుకోవాలంటే ముందు తిరుగు దారి చూసుకోండి

నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లేవాళ్లు ఎక్కకముందే ఒక మాట అడుగుతారు: "ఆఖరి పంటు ఎన్నింటికి?" అవతలి ఒడ్డు చేరడం గురించి ఎవరికీ బెంగ ఉండదు. తిరిగి రావడం గురించే.

స్టూడెంట్ ఎక్స్చేంజ్ కూడా ఆ బాపతే. విదేశంలో ఒక సెమిస్టరో, ఒక ఏడాదో చదివి, మళ్లీ మన కాలేజీకే వచ్చి, మన డిగ్రీయే పూర్తి చేసే ఏర్పాటు అది. అయినా మా దగ్గరకు వచ్చే పిల్లలు మొదట అడిగేది ఏ దేశం బాగుంటుందని, ఏ సిటీ బాగుంటుందని. నేను భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. దేశం సంగతి తర్వాత చూద్దాం, తిరిగొచ్చాక ఆ చదువు ఇక్కడ చెల్లుతుందో లేదో ముందు తేల్చుకుందాం అని నేనంటే కొంచెం నిరాశపడతారు. కానీ ఆ ప్రశ్న అడగకుండా వెళ్లినందుకు మా ఇంట్లోనే ఒక పిల్ల ఏడాది పాటు ఇబ్బంది పడింది. ఆ సంగతి కింద చెబుతాను.

మొదటి మెట్టు: అది ఎక్స్చేంజేనా?

కాకినాడలో, రాజమండ్రిలో, భీమవరంలో కన్సల్టెన్సీ బోర్డుల మీద "ఎక్స్చేంజ్" అన్న మాట రకరకాల అర్థాల్లో కనిపిస్తుంది. తేడా పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ట్యూషన్ ఫీజు ఎవరికి కడతాను?

అసలు ఎక్స్చేంజ్‌లో మీ రోల్ నంబరు ఇక్కడే ఉంటుంది. ఫీజు మీ కాలేజీకే కడతారు. రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉంటుంది కాబట్టి అక్కడి యూనివర్సిటీ ట్యూషన్ అడగదు. ఒప్పందం లేకుండా మీ అంతట మీరే ఒక సెమిస్టర్ ఫీజు కట్టి చేరితే అది వేరే రకం. చదువు మంచిదే కావచ్చు, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. నార్వేనే చూడండి. యూరప్ బయటి నుంచి వచ్చే విద్యార్థుల దగ్గర అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు 2023 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకుంటున్నాయి. ఒప్పందం మీద ఎక్స్చేంజ్‌కి వచ్చినవాళ్లకు మాత్రం ఆ ఫీజు లేదు. తరగతి ఒకటే, బెంచీ ఒకటే, తేడా అంతా ఒప్పందం కాగితంలో ఉంది.

ట్విన్నింగ్ అన్న మాట కూడా వినబడుతుంది, అంటే కొంత చదువు ఇక్కడ, కొంత విదేశంలో. 2022లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ట్విన్నింగ్‌లో విదేశీ యూనివర్సిటీలో చేసే భాగం మొత్తం క్రెడిట్లలో (ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే పాయింట్లు) 30 శాతం దాటకూడదు, డిగ్రీ ఇచ్చేది మన సంస్థే. విదేశీ యూనివర్సిటీ పేరు అద్దెకు తెచ్చుకుని ఇక్కడ కోర్సు నడిపే ఫ్రాంచైజీ పద్ధతికి ఆ నిబంధనలు ఒప్పుకోవు. "ఫారిన్ డిగ్రీ ఇక్కడే ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే యూజీసీ అనుమతి చూపించమనండి.

రెండో మెట్టు: మీరు ఏ చదువులో ఉన్నారు?

స్కూలు పిల్లలకు ప్రధానంగా కనిపించే దారులు రోటరీ క్లబ్బులు నడిపే యూత్ ఎక్స్చేంజ్, ఏఎఫ్ఎస్ అనే స్వచ్ఛంద సంస్థ. మన డెల్టా పట్టణాల్లో రోటరీ క్లబ్బులు ఉన్నాయి, వెళ్లి నేరుగా అడగవచ్చు. అమ్మానాన్నలు క్లబ్బు సభ్యులే అయి ఉండాలని లేదు. అయితే ఇచ్చిపుచ్చుకునే పద్ధతి కాబట్టి సాధారణంగా మీ ఇంట్లో కూడా ఒక విదేశీ విద్యార్థిని ఉంచుకోవాల్సి వస్తుంది. మీకు ఒక గది ఇవ్వడం వీలవుతుందా, ఇంట్లో ఎవరైనా ఆ పిల్లతో మాట్లాడగలరా అన్నది కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

అమెరికా హైస్కూల్‌కి జే-1 (ఎక్స్చేంజ్) వీసా మీద వెళ్లాలంటే ప్రోగ్రామ్ మొదలయ్యే నాటికి వయసు 15 నిండి ఉండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. కిండర్‌గార్టెన్ కాకుండా 11 ఏళ్లకు మించి స్కూలు చదువు పూర్తయి ఉండకూడదు. అంటే ఇంటర్ పూర్తిచేసిన వాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇంటర్ మధ్యలో ఏడాది పాటు వెళ్దామనుకునే వాళ్లకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మన రాష్ట్రంలో చదివి ఇంజనీరింగ్‌కో, అగ్రికల్చర్‌కో ఎంట్రన్స్ రాసే ఆలోచన ఉంటే అది సరైన సమయం కాదు. చదువు సాగదన్న భయం వల్ల కాదు, లోకల్ స్టేటస్ వల్ల. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికత తేల్చేటప్పుడు అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. గోదావరి జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియాలోకి వస్తాయి. స్థానికులకు కేటాయించే 85 శాతం సీట్ల లెక్క ఈ స్థానికత మీదే నడుస్తుంది. మధ్యలో ఒక ఏడాది విదేశీ స్కూల్లో ఉంటే ఆ వరుస తెగుతుంది. అప్పుడు మీ కేసు ఏ నిబంధన కింద చూస్తారో వెళ్లకముందే ఎంట్రన్స్ కన్వీనర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. జవాబు స్పష్టంగా రాకపోతే ఆగండి. ఆ వయసులో కొద్దిరోజుల కార్యక్రమాలు మేలు. జపాన్ ప్రభుత్వ సంస్థ 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ ప్రోగ్రామ్ అలాంటిదే. ఖర్చు వాళ్లదే, ఎంపిక మాత్రం స్కూళ్ల ద్వారా జరుగుతుంది.

బీటెక్, డిగ్రీ వాళ్లకు మూడో ఏడాదే అనువైన కాలం. మొదటి రెండేళ్ల మార్కులు చేతిలో ఉంటాయి, ప్లేస్‌మెంట్ల హడావుడి ఇంకా మొదలవదు.

మూడో మెట్టు: కాలేజీలో ఏమడగాలి?

ప్రతి కాలేజీ ఆఫీసు గోడ మీద విదేశీ ప్రతినిధులతో కరచాలనం చేస్తున్న ఫోటో ఒకటి ఉంటుంది. ఎంఓయూ అంటే చాలాసార్లు "కలిసి పనిచేద్దాం" అన్న మాట మాత్రమే. విద్యార్థిని పంపాలంటే దాని వెనక ఎక్స్చేంజ్ అగ్రిమెంట్ అని ఇంకో కాగితం ఉండాలి. అందులో ఎంతమందిని పంపవచ్చు, ట్యూషన్ మినహాయింపు ఉందా, ఏ బ్రాంచీలకు వర్తిస్తుంది, ఎప్పటి వరకు చెల్లుతుంది అన్నవి రాసి ఉంటాయి. ఆ కాగితం చూపించమని మర్యాదగా అడగండి. తప్పేం లేదు.

ఆ తర్వాత అడగాల్సింది: గత రెండు మూడేళ్లలో ఈ ఒప్పందం మీద ఎవరైనా వెళ్లొచ్చారా? వెళ్లొచ్చిన అన్నయ్యో అక్కో ఉంటే వాళ్లతో ఒక గంట కూర్చోండి. బ్రోచర్ చెప్పని సంగతులు వాళ్లే చెబుతారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు స్కాలర్‌షిప్ సెక్షన్‌కి విడిగా వెళ్లాలి. ఆ డబ్బు హాజరుతో ముడిపడి ఉంటుంది. సెమిస్టర్ అంతా మీరు ఇక్కడ లేకపోతే హాజరు ఎలా వేస్తారు, ఎవరి ఉత్తర్వు మీద వేస్తారు అన్నది ముందే తేలాలి. హెచ్‌ఓడీ నోటిమాటగా "చూసుకుందాంలే అమ్మా" అంటే ఆయన మంచి మనసుకు దండం పెట్టి, కాగితం మీద సంతకం అడగండి.

మీ కాలేజీకి ఒప్పందాలేవీ లేకపోతే దిగులు పడకండి. కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ లాంటి 12 వారాల రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌లకు విద్యార్థే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు.

నాలుగో మెట్టు: క్రెడిట్ల లెక్క

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

మా తమ్ముడి కూతురు వేరే కాలేజీలో చదివేది. ఐదో సెమిస్టర్‌కి యూరప్ వెళ్లింది. బాగా చదివింది, మంచి గ్రేడ్లతో వచ్చింది. తీరా వచ్చాక రెండు సబ్జెక్టులు "మన సిలబస్‌కి సరిపోలేదు" అన్నారు. వెళ్లేముందు ఒప్పుకున్నట్టు కాగితం ఏదని అడిగితే దాని దగ్గర లేదు. ఒప్పుకున్న సారు అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయారు. ఆ రెండు పరీక్షలూ జూనియర్లతో కూర్చుని రాసింది. అవి తేలేదాకా మార్కుల జాబితాలో బ్యాక్‌లాగ్‌లుగా ఉండిపోయాయి, అందువల్ల రెండు కంపెనీల ఇంటర్వ్యూలకు కూర్చోనివ్వలేదు. "అక్కడ నేర్చుకున్నది ఎవరికీ అక్కర్లేదా పెదనాన్నా?" అని అది అడిగిన రోజు నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఇప్పుడు మా కాలేజీ పిల్లలతో నేనే కూర్చుంటాను. టేబుల్ మీద ఎడమవైపు మన సిలబస్ కాపీ, కుడివైపు అక్కడి కోర్సు వివరాల ప్రింటు, చేతిలో పెన్సిలు. మొన్న మెకానికల్ కుర్రాడొకడితో హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టు చూశాను. మన దగ్గర ఐదు యూనిట్లు. అక్కడి కోర్సులో నాలుగు యూనిట్ల పాఠం ఉంది, హీట్ ఎక్స్చేంజర్ల భాగం మాత్రం వేరే కోర్సులో ఉంది. పేరు చూస్తే రెండూ ఒకటే. యూనిట్లు పక్కపక్కన పెడితే గానీ ఆ ఖాళీ కనపడలేదు. వాడు ఆ రెండో కోర్సు కూడా తీసుకునేలా పట్టిక మార్చాం.

లెక్క ఇలా వేసుకోండి. యూరప్‌లో ఏడాదికి 60 ఈసీటీఎస్ (యూరప్ దేశాల ఉమ్మడి పద్ధతి) క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి 30. మన బీటెక్ 160 క్రెడిట్లది, సగటున సెమిస్టర్‌కి 20. కాబట్టి స్థూలంగా వాళ్ల 30, మన 20 సమానం. కానీ మీ యూనివర్సిటీ ఏ లెక్క ఒప్పుకుంటుందో రాయించుకోండి. అక్కడి గ్రేడ్లను మన గ్రేడ్లలోకి ఎలా మారుస్తారో కూడా. ఈ పట్టికకు లెర్నింగ్ అగ్రిమెంట్ అని పేరు. యూరోపియన్ యూనియన్ ఎక్స్చేంజ్ పథకమైన ఎరాస్మస్ పద్ధతిలో దాని మీద మూడు సంతకాలు ఉంటాయి: విద్యార్థి, పంపే కాలేజీ, చేర్చుకునే యూనివర్సిటీ. అక్కడికి వెళ్లాక ఒక కోర్సు రద్దయి ఇంకోటి తీసుకోవాల్సి వస్తే పట్టిక మళ్లీ మార్చి మళ్లీ సంతకాలు తీసుకోవాలి. మెయిల్ పెట్టి ఊరుకోకండి. జేఎన్‌టీయూ కాకినాడ లాంటి యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీ అయితే కాలేజీ సంతకం ఒక్కటీ చాలకపోవచ్చు, యూనివర్సిటీ ఒప్పుకోలు కూడా కావాలేమో అడగండి.

క్యాలెండర్ కూడా పక్కన పెట్టి చూడండి. జర్మనీలో వింటర్ సెమిస్టర్ పాఠాలు అక్టోబర్‌లో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తాయి, ఆ తర్వాత పరీక్షలు. ఈలోగా ఇక్కడ మీ తర్వాతి సెమిస్టర్ మొదలైపోతుంది. నార్వే, సింగపూర్, అమెరికాల్లో ఆగస్టులో మొదలై డిసెంబరుకల్లా అయిపోతుంది. ఒక్క సెమిస్టర్ మాత్రమే వెళ్లేవాళ్లకు, మిగతావన్నీ సమానమైతే, నేను ఆగస్టు-డిసెంబరు దేశాన్నే ఎంచుకోమంటాను.

ఐదో మెట్టు: ఎక్కడికి వెళ్తే మీ చదువుకు ఉపయోగం?

దేశం పేరు చూసి కాదు, మీరు పుట్టిపెరిగిన నేల అడిగే ప్రశ్న చూసి ఎంచుకోండి. హ్యాచరీలో రొయ్య పిల్లలకు ఆర్టీమియా (మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) పెట్టడం చూసిన ఫిషరీస్ విద్యార్థికి బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీ అంటే వేరే అర్థం ఉంటుంది. ఆ ఆర్టీమియా మీద ప్రపంచానికి పాఠం చెప్పే పరిశోధన కేంద్రం 1978 నుంచి అక్కడే ఉంది. సివిల్ చదివే కోనసీమ కుర్రాడికి నెదర్లాండ్స్ మంచి బడి. మనది 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలతో పచ్చబడిన డెల్టా. వాళ్లది సముద్రమట్టం కంటే కిందున్న నేలను గట్లతో కాపాడుకునే డెల్టా. మురుగు కాలువ ఎందుకు పారదు, ఉప్పునీరు ఎందుకు ఎగదన్నుతుంది అన్న ప్రశ్నలతో వెళ్లినవాడికి అక్కడ ప్రతి లెక్చరూ పనికొస్తుంది. హార్టికల్చర్, వ్యవసాయం వాళ్లకు అదే దేశంలో వాహెనింగెన్ యూనివర్సిటీ ఉంది. మీ కాలేజీకి ఈ చోట్లతో ఒప్పందం లేకపోతే ఎమ్మెస్సీ స్థాయిలో ఎరాస్మస్ ముండస్ చూడండి. అది ఎక్స్చేంజ్ కాదు, రెండు మూడు యూనివర్సిటీలు కలిసి ఇచ్చే డిగ్రీ. స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు ఇస్తారు, గరిష్ఠంగా 24 నెలలు.

ఆరో మెట్టు: డబ్బు

ట్యూషన్ లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఇల్లు, తిండి, విమానం, వీసా, ఇన్సూరెన్స్ అన్నీ ఉంటాయి. జర్మనీ వీసాకు విద్యార్థి దగ్గర నెలకు 992 యూరోల చొప్పున, ఏడాదికి 11,904 యూరోలు ఉన్నాయని చూపించమంటున్నారు. ఆరు నెలలకు 5,952. యూరో వంద రూపాయలనుకుంటే దాదాపు ఆరు లక్షలు. రోజువారీ రేటు చూసి సరిచేసుకోండి.

మన ఇళ్లలో చిక్కు మొత్తంతో కాదు, సమయంతో వస్తుంది. సార్వా డబ్బు చేతికొచ్చేది డిసెంబరు తర్వాత, దాళ్వా డబ్బు ఏప్రిల్, మే నెలల్లో. చెరువు పట్టుబడి ఎప్పుడన్నది రొయ్య ఆరోగ్యం, ధర చెప్పాలి. ఆగస్టులో బయల్దేరేవాళ్లకు మే, జూన్ నెలల్లోనే బ్యాంకు ఖాతాలో డబ్బు కనపడాలి. కాబట్టి దాళ్వా డబ్బు వచ్చిన వెంటనే దాన్ని పక్కన పెట్టగలరా అని నాన్నతో జనవరిలోనే మాట్లాడండి. వీసాకు నాలుగు రోజుల ముందు చేబదులు తెచ్చి ఖాతాలో వేస్తే అది ఎక్కడిదని అడుగుతారు, జవాబు చెప్పడం కష్టం.

మీ కాలేజీకీ ఐరోపా యూనివర్సిటీకీ ఎరాస్మస్ ప్లస్ ఒప్పందం ఉంటే మాత్రం పరిస్థితి మారిపోతుంది. 2 నుంచి 12 నెలల దాకా వెళ్లవచ్చు, దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోల వరకు గ్రాంటు, ప్రయాణానికి వేరుగా కొంత ఇస్తారు. అక్కడి యూనివర్సిటీ ట్యూషన్, పరీక్ష ఫీజులు తీసుకోకూడదు. దీనికి మధ్యవర్తి అక్కర్లేదు, ఎంపిక కాలేజీ ద్వారానే. ఎరాస్మస్ సీటు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఆ మాట ఆపేయండి.

ఏడో మెట్టు: పంపేవాళ్లను పరీక్షించండి

ఇది హైస్కూల్ పిల్లల అమ్మానాన్నలకు మరీ ముఖ్యం. అమెరికాకైతే స్పాన్సర్ సంస్థ పేరు అక్కడి విదేశాంగ శాఖ జే-1 వీసా వెబ్‌సైట్ జాబితాలో ఉండాలి. ఎక్స్చేంజ్ విద్యార్థికి వచ్చే పత్రం డీఎస్-2019. మీ చేతిలో పెట్టింది ఐ-20 అయితే అది ఎఫ్-1, అంటే మామూలు విద్యార్థి వీసా, ఎక్స్చేంజ్ కాదు.

హోస్ట్ కుటుంబం గురించి మొహమాటం లేకుండా అడగండి. జే-1 హైస్కూల్ ప్రోగ్రామ్‌లో ఇంట్లోని పెద్దవాళ్లందరి నేర చరిత్ర తనిఖీ చేయాలి. లోకల్ కోఆర్డినేటర్ మీ పిల్లల ఇంటికి 120 మైళ్ల లోపు ఉండాలి, నెలకోసారైనా మాట్లాడాలి. ఆ కోఆర్డినేటర్ పేరు, ఫోన్ నంబరు విమానం ఎక్కే ముందే మీ దగ్గర ఉండాలి. ఇన్సూరెన్స్ ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్లు. ప్రభుత్వ నిధులతో వెళ్లే జే-1 వాళ్లు తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన వర్తించవచ్చు, పత్రం మీద చూసుకోండి.

"మా అమ్మాయి అక్కడ చేపలు తింటుందా, ఒంటరిగా పడుకోగలదా" అని నాన్నమ్మలు అడిగే ప్రశ్నలను కొట్టిపారేయకండి. తిండి అలవాట్లు, దేవుడి పూజ, పిల్లి అంటే భయం, ఉబ్బసం, అన్నీ దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి. ఆ కాగితం చదివే హోస్ట్ కుటుంబం మీ పిల్లను ఎంచుకుంటుంది.

ఎనిమిదో మెట్టు: కాగితాలు

పాస్‌పోర్ట్ లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. భీమవరంలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్ ఫీజు 1,500 రూపాయలు. మనవాళ్లకు తరచుగా వచ్చే తంటా ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, కాలేజీ ఐడీలో అసలే ఉండదు. పదో తరగతి మెమోనే ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేయించండి. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో పెట్టి రెండో గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ" (పేరు తెలియదు అని అర్థం) అని వస్తుంది. ఆ మూడక్షరాలు తర్వాత బ్యాంకులో, కాలేజీలో వెంటాడతాయి.

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షకు ఫీజు కట్టేముందు ఒకసారి అడగండి. ఎక్స్చేంజ్‌కి వచ్చేవాళ్ల విషయంలో ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు కాలేజీ ఇచ్చే లేఖతో సరిపెట్టుకునే యూనివర్సిటీలు ఉన్నాయి. యూరప్‌లో 90 రోజులు దాటి ఉండాలంటే షెంగెన్ టూరిస్టు వీసా పనికిరాదు, ఆ దేశపు నేషనల్ వీసా కావాలి. అపాయింట్‌మెంట్లు హైదరాబాద్‌లో, రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగేలా పెట్టుకోండి, ఒరిజినల్స్ పై బెర్తులో కాకుండా తలకింద పెట్టుకోండి.

హోస్ట్ కుటుంబానికి ఏం పట్టుకెళ్లాలని అందరూ అడుగుతారు. యూరప్‌లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు కాబట్టి కోవా, చికెన్ పచ్చడి వద్దు. నర్సాపురం లేసు టేబుల్ క్లాత్ ఒకటి కొనండి. బరువుండదు, చెడదు, మన ఆడవాళ్ల చేతి పని.

అక్కడి నుంచి బయల్దేరే వారంలో ఒక పని మర్చిపోకండి. యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లి మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ ఎప్పుడిస్తారో, మీ కాలేజీకి నేరుగా పంపుతారో లేదో కనుక్కోండి. వీలైతే సీలు వేసిన కవర్లో రెండు అదనపు కాపీలు తీసుకోండి. చేసిన ప్రతి కోర్సు సిలబస్‌నూ పీడీఎఫ్‌గా దాచుకోండి. ఇంటికొచ్చిన మొదటి వారంలోనే, నిద్ర తీరినా తీరకపోయినా, ఆ కవరు, మూడు సంతకాల లెర్నింగ్ అగ్రిమెంట్ పట్టుకుని ఎగ్జామినేషన్ సెక్షన్‌కి వెళ్లి, ఇచ్చినట్టు రసీదు మీద ముద్ర వేయించుకోండి.